ఓడలో దిగిన పిప్పిపన్ను

1979 మొదట్లో టోకెలావ్ దీవులకు సరుకులు మోసుకెళ్తున్న సెన్‌పాక్ రౌండర్ అనే ఓడ ఫిజీ జలాల్లో పగడపు దిబ్బ మీదికెక్కి పాడైపోయింది. ఇంకో ఓడ వచ్చేదాకా, అంటే ఐదు నెలలకు పైగా, ఆ దీవుల్లో చక్కెర లేదు, మైదా లేదు, పొగాకు లేదు, పడవ మోటార్లకు నూనె లేదు. జనం కొబ్బరి కొట్టుకుని, చేపలు పట్టుకుని గడిపారు. కరువు కబుర్లు వస్తాయనుకుంటే ఒక పత్రిక వేరే సంగతి రాసింది. జనం ఆరోగ్యంగా ఉన్నారట. చాలామంది బరువు తగ్గారట. మధుమేహం ఉన్నవాళ్లలో కొందరికి ఒళ్లు తేలికపడిందట.

ఇది శాస్త్రీయ ప్రయోగమేమీ కాదు. ఐదు నెలల్లో పళ్ల పుచ్చు ఆగిందా లేదా అన్నది తేలదు కూడా. అయినా పసిఫిక్ దీవుల ఆరోగ్యం గురించి రాసేవాళ్లు ఈ ఓడ సంగతి మళ్లీ మళ్లీ ఎత్తుకోవడానికి కారణం ఉంది. ఒక సమాజం ఏం తింటోంది, ఎప్పటినుంచి తింటోంది, అది ఎక్కడినుంచి వచ్చింది అన్న మూడు ప్రశ్నలకూ ఇంత స్పష్టంగా జవాబు దొరికే చోటు భూమ్మీద అరుదు. టోకెలావ్ అంటే అటాఫు, నుకునోను, ఫకావోఫో అనే మూడు పగడపు దీవులు. మూడింటి నేలా కలిపినా పన్నెండు చదరపు కిలోమీటర్లకు మించదు. జనాభా 1,500 అటూ ఇటూ. పాలన న్యూజిలాండ్‌ది. విమానాశ్రయం లేదు. సమోవా రాజధాని ఆపియా నుంచి 500 కిలోమీటర్లు ఓడలోనే వెళ్లాలి, ఒక పగలూ ఒక రాత్రీ దాటుతుంది. అక్కడి నేల అంతా పగడపు ఇసుక. వరి పండదు, గోధుమ పండదు, చెరకు పండదు. కాబట్టి వంటింట్లో కొబ్బరి, చేప, నాలుగైదు రకాల దుంపలూ కాయలూ తప్ప ఇంకేం కనిపించినా అది ఓడ దిగి వచ్చిందే.

పళ్ల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. తిండి మారితే మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బు పైకి తేలడానికి పది ఇరవై ఏళ్లు పడుతుంది. ఆ లోపల ఇంకా ఎన్నో మారిపోతాయి కాబట్టి దేనివల్ల ఏది వచ్చిందో తేల్చడం కష్టం. పన్ను అలా కాదు. కొత్తగా మొలిచిన పన్ను రెండు మూడేళ్లలోనే పుచ్చి సంగతి బయటపెడుతుంది. దీవుల ఆహారం మీద జరిగిన చర్చలో గుండెకూ నడుముకూ దక్కిన చోటు పళ్లకు దక్కలేదు గానీ, మార్పును మొదట పట్టించింది పళ్లే.

పాత తిండి

1960లలో న్యూజిలాండ్ వైద్య పరిశోధకుడు ఇయన్ ప్రయర్, ఆయన సహచరులు కుక్ దీవుల్లోని పుకాపుకాలోనూ టోకెలావ్‌లోనూ జనం ఏం తింటున్నారో లెక్కగట్టారు. టోకెలావ్‌లో ఒంటికి అందే శక్తిలో 63 శాతం ఒక్క కొబ్బరి నుంచే వచ్చేది. పుకాపుకాలో అది 34 శాతం. అంటే టోకెలావ్ ప్రజలు తినే కేలరీల్లో సగానికి పైగా కొవ్వే, అదీ ఎక్కువగా సంతృప్త కొవ్వు. వాళ్ల రక్తంలో కొలెస్టరాల్ పుకాపుకా వాళ్లకంటే ఎక్కువగానే ఉంది గానీ, గుండె, రక్తనాళాల జబ్బులు మాత్రం రెండుచోట్లా అరుదు. ఈ ఫలితాన్ని పట్టుకుని ఇవాళ కొబ్బరినూనె అమ్మేవాళ్లు, పొద్దున్నే నూనె పుక్కిలించమనే వాట్సాప్ వైద్యులు ఎంత ప్రచారమైనా చేసుకుంటారు. టోకెలావ్ వాళ్లు నూనె సీసా కొనుక్కుని పుక్కిలించలేదు. కాయను కాయగా తిన్నారు, చెట్లెక్కారు, పడవలు నడిపారు, చక్కెర పెద్దగా ముట్టలేదు. ఇందులోంచి ఒక్కదాన్ని విడదీసి సీసాలో పోస్తే మిగతావి దానితోపాటు రావు.

కొబ్బరి, చేప కాక సీమపనస ఉండేది. చేమదుంపకు చుట్టమైన పులకా అనే పెద్ద దుంపను గోతులు తవ్వి, ఆకుల ఎరువు వేసి పెంచేవాళ్లు. మన తీరంలో పెరిగే మొగలి జాతి పొదలే అక్కడా ఉంటాయి, కానీ అక్కడ వాసనకంటే పండు ముఖ్యం. నార తేలిన ఆ ముక్కల్ని పళ్లతో పీకి, నమిలి, రసం పీల్చాలి. అప్పుడప్పుడూ కోడి, పండగకో పెళ్లికో పంది.

ఇక్కడో తిరకాసు ఉంది. ఈ పాత తిండిలో తీపి లేదనుకుంటే పొరపాటు. కొబ్బరిచెట్టు గెల గీసి పొద్దునా సాయంత్రమూ కల్లు దించడం టోకెలావ్‌లోనూ పక్కనున్న తువాలు, కిరిబాటిలలోనూ ఇంటింటి పని. టోకెలావ్‌లో దాన్ని కలేవే అంటారు. పులియకముందు అది చక్కెర నీళ్లే, మన నీరా లాంటిదే. పసిపిల్లలకు పట్టేవాళ్లు. కాచి పానకం చేసి దాచుకునేవాళ్లు. అయినా పళ్లు ఎందుకు నిలిచాయి?

దీనికి సమాధానం చక్కెర పరిమాణంలో కొంత, అది నోటికి అందే తీరులో ఎక్కువ కనిపిస్తుంది. తిన్న కొద్ది నిమిషాల్లోనే పంటి మీది పాచిలో ఉన్న సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి. అక్కడి పీహెచ్ (ఆమ్లత కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5.5 కంటే కిందికి జారితే పంటి పైపొర, అంటే ఎనామిల్, కరగడం మొదలవుతుంది. వంటగట్టు నాపరాయి మీద నిమ్మరసం పడితే తెల్లబారి గరుకెక్కినట్టే పంటి మీద కూడా మొదట కనిపించేది సుద్దలాంటి తెల్లమచ్చ. రాయికి లేని సౌకర్యం పంటికి ఉంది. లాలాజలం అరగంట నుంచి గంట లోపు ఆ ఆమ్లాన్ని చల్లార్చి, పోయిన కాల్షియం, ఫాస్ఫేట్‌లలో కొంత తిరిగి పేరుస్తుంది. రోజుకు రెండుసార్లు చెట్టు దిగిన కల్లు గటగటా తాగేస్తే నోటికి మిగతా గంటలన్నీ మరమ్మతుకు దొరుకుతాయి. అదే చక్కెర పది విడతలుగా, టీలో కొంత, బిస్కెట్‌లో కొంత, రంగునీళ్లలో కొంత పడితే మరమ్మతుకు వ్యవధే ఉండదు. కల్లుకు చెట్టెక్కే మనిషి కావాలి, గంటలు గడిస్తే అది పులిసిపోతుంది. చక్కెర సంచికి ఆ రెండు అడ్డూ లేవు.

కొప్రా ధర, పళ్ల పుచ్చు

పసిఫిక్ పళ్ల చర్చ ఎప్పుడు మొదలైనా 1930లలో ఆ దీవులు తిరిగిన అమెరికా దంతవైద్యుడు వెస్టన్ ప్రైస్ దగ్గరికి వెళ్లాల్సిందే. మార్కెసాస్, తహితి, రరొటోంగా, టోంగా, సమోవా, ఫిజీ ఇలా చాలాచోట్ల ఆయన ఒకే పద్ధతి పాటించాడు. రేవు దగ్గర బతికేవాళ్ల నోళ్లు చూడటం, రేవుకు దూరంగా పాత తిండి తింటున్న వాళ్ల నోళ్లు చూడటం, పుచ్చుపళ్లు లెక్కపెట్టి పోల్చడం. రేవు దగ్గర పుచ్చు విపరీతం, దూరాన అత్యల్పం.

ఆయన రాసినవాటిలో అన్నిటికంటే విలువైన పరిశీలన పళ్ల గురించి కాదు, ధరల గురించి. మొదటి ప్రపంచ యుద్ధం దరిమిలా ఎండుకొబ్బరి (కొప్రా) ధర టన్నుకు 400 డాలర్ల దాకా ఎగబాకిందనీ, వర్తకపు ఓడలు ఆ డబ్బులో 90 శాతాన్ని మైదా, చక్కెర రూపంలోనే చెల్లించాయనీ, తర్వాత ధర 4 డాలర్లకు పడిపోగానే ఓడలు రావడం మానేశాయనీ, జనం పాత తిండికి మళ్లాక కొత్త పుచ్చు ఆగిపోయిందనీ ఆయన రాశాడు. పుచ్చి ఆగిపోయిన గుంటలు, గట్టిపడి నల్లబారినవి, ఆయనకు నోళ్లలో కనిపించాయట. చదివేవారికి ఇది వింతగా తోచవచ్చు గానీ దంతవైద్యంలో ఆగిపోయిన పుచ్చు మామూలు సంగతే. తీపి అందడం తగ్గితే గుంట అడుగు గట్టిపడి ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది.

ప్రైస్‌ను పూర్తిగా నమ్మడం మాత్రం కష్టం. ఎవరి నోళ్లు ఎంచుకున్నాడో, ఎవరివి వదిలేశాడో చెప్పే క్రమం ఆయన దగ్గర లేదు. ముఖకవళికల నుంచి వ్యక్తిత్వం దాకా అన్నిటినీ తిండికి ముడిపెట్టాడు. జబ్బుపన్ను ఒళ్లంతా రోగం చేస్తుందన్న సిద్ధాంతంతో అంతకుముందు ఆయన చెప్పిన మాటలు, మంచిగా ఉంచుకోగలిగిన ఎన్నో పళ్లను పీకించాయి. ఆ సిద్ధాంతాన్ని వైద్యలోకం తర్వాత పక్కన పెట్టింది. చక్కెర పాత్రను ఆయన కొంత చూసి, కొవ్వులో కరిగే విటమిన్ల మీదికి ఎక్కువ మొగ్గాడు. విటమిన్ డి, కాల్షియం పన్ను తయారయ్యే దశలో అవసరమే. గర్భంలోనూ పసితనంలోనూ పోషణ చాలకపోతే ఎనామిల్ పలచగా, గుంటలు పడి మొలుస్తుంది, అలాంటి పన్ను త్వరగా పుచ్చుతుంది. కానీ చక్కెర లేని చోట ఆ పన్ను కూడా చాలాకాలం నిలుస్తుంది. చక్కెర పారే చోట గట్టి ఎనామిల్ కూడా లొంగుతుంది. ఈ వరస తలకిందులైతే జనం విటమిన్ మాత్రలు కొంటారు, కూల్‌డ్రింకులు మానరు.

ప్రైస్ ఒక్కడి మాటే అయితే ఇంత నమ్మకంగా చెప్పడానికి ఉండేది కాదు. 1950లలో న్యూజిలాండ్ దంత పరిశోధకులు పుకాపుకా వెళ్లి పద్ధతి ప్రకారం నోళ్లు పరీక్షించారు. పుచ్చు చాలా తక్కువని వాళ్లకూ తేలింది. పాత కాలాన్ని స్వర్ణయుగం చేయనక్కరలేదు కూడా. పుచ్చు లేని నోళ్లలో కూడా గార పేరుకుంటుంది, చిగుళ్లు వాచి ఎముక అరుగుతుంది. న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల పూర్వీకుల అస్థిపంజరాల్లో పళ్లు చిగురు దాకా అరిగిపోయి కనిపిస్తాయి. దంచిన ఫెర్న్ మొక్క వేరులోని పీచు, గరుకు అందుకు కారణమంటారు. పుచ్చు లేకపోవడం వేరు, నోరు బాగుండటం వేరు.

వాటా చేప, కొన్న చక్కెర

1966 జనవరిలో తుపాను టోకెలావ్‌ను దెబ్బతీసింది. చెట్లు కూలాయి, పంట పోయింది. అప్పటికే ఇరుకైన దీవుల నుంచి జనాన్ని తరలించే పథకాన్ని న్యూజిలాండ్ ప్రభుత్వం ముందుకు తోసింది. వందలాది మంది వెల్లింగ్టన్ పరిసరాలకు వలసపోయారు. వెళ్లినవాళ్లనూ ఉండిపోయినవాళ్లనూ ఏళ్ల తరబడి వెంటాడి పోల్చడానికి 1968లో ప్రయర్ బృందం పెద్ద అధ్యయనం మొదలుపెట్టింది. వెళ్లినవాళ్లలో బరువు, రక్తపోటు, మధుమేహం, గౌట్ అనే కీళ్లనొప్పుల జబ్బు పెరిగాయి. ఇది చాలామందికి తెలిసిన ఫలితం. అంతగా ప్రచారం కానిది ఉండిపోయినవాళ్ల సంగతి. వాళ్లు ఎక్కడికీ కదల్లేదు, తిండే వాళ్ల దగ్గరికి కదిలి వచ్చింది. 1960ల మొదట్లో అతి కొద్దిగా ఉన్న చక్కెర వాడకం 1980 నాటికి అనేక రెట్లయింది, మైదా కూడా అంతే. 1963లో ఒకసారి, దశాబ్దాల తర్వాత మరోసారి పళ్లు పరీక్షిస్తే, టీనేజీ పిల్లల్లో పుచ్చిన పళ్లు ఎన్నో రెట్లు పెరిగి కనిపించాయి. పెద్దవాళ్లలో కూడా పెరిగాయి, పిల్లల్లో అంత కాదు. కొత్త తిండిలో మొలిచిన పళ్లు వాళ్లవి మరి.

ఏం మారింది? జీతం వచ్చింది. 1970లలో ప్రభుత్వ కొలువులు, కట్టడాల పనులు వచ్చి చేతిలో నగదు ఆడింది. న్యూజిలాండ్‌లోని బంధువులు డబ్బూ సరుకులూ పంపారు. ఊరి కొట్లో సరుకు నిండింది. దీన్ని 'జనానికి తీపి మరిగింది' అని తేల్చేయడం సులభం. అయితే టోకెలావ్‌లో తిండి ఇంటికి చేరే దారిని చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది.

అక్కడ ఇనాతి అనే ఆచారం ఉంది. ఊరుమ్మడిగా పట్టిన చేపలు ఒడ్డుకు రాగానే ఎవరి పడవ ఎన్ని పట్టింది అని చూడరు. చేపల్ని ఒడ్డున వరసలుగా పోస్తారు, వాటాలు వేసే బాధ్యత ఉన్నవాళ్లు ఇంటింటి లెక్క ప్రకారం పంచుతారు, పిల్లలూ ఆడవాళ్లూ బుట్టలతో వచ్చి తమ వాటా తీసుకుంటారు. ముసలివాళ్లకూ, పడవెక్కే మగవాడు లేని ఇంటికీ వాటా వస్తుంది. అంటే చేప తినడానికి డబ్బు అక్కర్లేదు, ఊళ్లో మనిషైతే చాలు. కొట్లో చక్కెరకు ఇనాతి లేదు. దాన్ని ఎవరి జీతంతో వాళ్లు కొనుక్కుంటారు. చేపలు పట్టాల్సిన మగవాడు ఆఫీసులోనో కట్టడం పనిలోనో ఉంటే చేపల వేటలు తగ్గుతాయి, వాటా తగ్గుతుంది, కొట్టు అవసరం పెరుగుతుంది. తిండి మారడమంటే నాలుక మారడం ఒక్కటే కాదు, పంపకం మారడం. పోషకాహార పాఠాల్లో ఈ ముక్క సాధారణంగా కనిపించదు. 'పళ్లు తోముకోండి, తీపి తగ్గించండి' అన్న గోడ పోస్టరు ఈ మార్పును తాకనైనా తాకదు.

కొట్లో ఏముంటుంది? మైదా, బియ్యం, చక్కెర, డబ్బా గొడ్డుమాంసం, తియ్యటి డబ్బాపాలు, గట్టి ఓడ బిస్కెట్లు, నూడుల్స్ పొట్లాలు, నీళ్లలో కలుపుకునే రంగుపొడులు. నెలల తరబడి పాడవకుండా ఓడలో రాగలిగినవే దీవికి వస్తాయి. మైదా, చక్కెర పాడవవు, ఆపిల్ పాడవుతుంది. దూరదీవి తిండి ఇలా తయారవడానికి సగం కారణం ఈ నిల్వ లెక్కే.

ఉత్తరాన మార్షల్ దీవుల్లో పిల్లల చిరుతిండి ఒకటి దంతవైద్యులకు పీడకల. నూడుల్స్‌ను ఉడకబెట్టకుండా పొట్లంలోనే నలగ్గొట్టి, పైన కూల్‌ఎయిడ్ అనే రంగుపొడి చల్లి, చేత్తో తీసుకుని నములుతారు. రుచి పుల్లగా, తియ్యగా, కరకరలాడుతూ ఉంటుంది. పంటివైపు నుంచి చూడండి. నలిగిన పిండి దవడపళ్ల మీది సన్నటి చీలికల్లోకి దిగి అంటుకుంటుంది. పొడిలో ఉన్న సిట్రిక్ ఆమ్లం సూక్ష్మజీవుల కోసం ఆగకుండా నేరుగా ఎనామిల్‌ను మెత్తబరుస్తుంది. చక్కెర కలిపి ఉంటే ఆ పిండితోపాటు అక్కడే కూర్చుంటుంది. ఒక పొట్లం అరగంటసేపు నడుస్తుంది. బడి పిల్లలు దాన్ని పంచుకుని, సాగదీసి తింటారు.

అదే వయసులో నోట్లో ఇంకో సంగతి జరుగుతుంటుంది. ఆరో ఏట పాలపళ్ల వరసకు వెనక మొదటి శాశ్వత దవడపన్ను మొలుస్తుంది. దానికోసం ఏ పాలపన్నూ ఊడదు. అందుకే తల్లిదండ్రులు దాన్ని పాలపన్నే అనుకుంటారు, పోయినా ఇంకోటి వస్తుందిలే అనుకుంటారు. టోకెలావ్‌లోనే కాదు, తెనాలిలోనైనా ఇంతే. కొత్తగా మొలిచిన ఆ పంటి ఎనామిల్ ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు, పైన చీలికలు లోతు. జీవితాంతం నమలాల్సిన పన్ను పదేళ్లకే పుచ్చేది ఇక్కడే. రంధ్రం పూడ్చే వైద్యుడు సముద్రం అవతల ఉన్నచోట పుచ్చిన పన్నుకు మిగిలే వైద్యం పీకడమే.

చెరకు నాటిన చేతులు

పసిఫిక్‌లో చక్కెర మాట వస్తే తెలుగువాళ్లు పక్కకు తప్పుకోలేరు. 1879 నుంచి 1916 దాకా ఫిజీ చెరకు తోటలకు దాదాపు 60 వేల మంది భారతీయుల్ని గిర్మిట్ అనే కూలి ఒప్పందం మీద తీసుకెళ్లారు. 1903 నుంచి మద్రాసు రేవు గుండా వెళ్లినవాళ్లలో తమిళులతోపాటు తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల సంతతి ఇవాళ్టికీ ఫిజీలో ఉంది. తోటలూ మిల్లులూ ఎక్కువగా కలోనియల్ షుగర్ రిఫైనింగ్ అనే ఆస్ట్రేలియా కంపెనీవి. ఆ చక్కెర ముఖ్యంగా ఎగుమతికే. పసిఫిక్ మట్టిలో పసిఫిక్ వాళ్లవి కాని చేతులతో, పసిఫిక్ వాళ్లది కాని కంపెనీ కోసం పండించిన సరుకది. చక్కెర చవకై ప్రతి కొట్టుకూ చేరడానికి వెనక ఇలాంటి ఒప్పందాలూ తోటలూ ఉన్నాయి. దీవివాసుల తీపిమోజును మాత్రమే తప్పుపట్టే వ్యాసాలు ఈ చరిత్రను దాటేసి వెళ్తాయి.

వాననీళ్లు, ఫ్లోరైడ్

ఫ్లోరైడ్ అనగానే తెలుగు పాఠకుడికి నల్లగొండ గుర్తొస్తుంది. వంకరపోయిన కాళ్లు, మచ్చలు పడిన పళ్లు. భూగర్భజలంలో మోతాదు మించిన ఫ్లోరైడ్ చేసిన పని అది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పగడపు దీవుల్లో సమస్య సరిగ్గా దీనికి ఎదురు. అక్కడ తాగేది ఇంటి కప్పు మీద పడి ట్యాంకులోకి జారిన వాన. అందులో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు. పాతకాలంలో ఇది లోటుగా కనిపించలేదు, ఎందుకంటే దాడి చేసే చక్కెర లేదు. చక్కెర వచ్చాక ఆ లోటు బయటపడింది. కొద్ది మోతాదులో ఫ్లోరైడ్ పంటి పైపొరలో చేరి ఆమ్లానికి లొంగకుండా చేస్తుంది, తెల్లమచ్చ దశలోనే పుచ్చును వెనక్కి తిప్పగలదు. ఇంటింటికో ట్యాంకు ఉన్నచోట నీళ్లలో ఫ్లోరైడ్ కలపడం కుదరదు. టూత్‌పేస్టు, బడిలో పుక్కిలించే ద్రావణం, ఏడాదికి రెండుసార్లు పంటికి పూసే వార్నిష్ మిగులుతాయి. టోంగాలో జపాన్ దంతవైద్యుల సాయంతో బడిపిల్లల చేత ఫ్లోరైడ్ ద్రావణం పుక్కిలింపజేసే కార్యక్రమం 1990ల చివర మొదలై నిలబడింది. అది నిలబడటానికి కారణం దంతవైద్యుడు కాదు, బడి. టీచరే చేయించగలిగే పని కాబట్టి.

నీళ్లకు ఇంకో కోణం ఉంది. 2011లో తీవ్రమైన వానలేమితో తువాలు, టోకెలావ్ రెండూ అత్యవసర పరిస్థితి ప్రకటించుకున్నాయి. నీళ్లు ఓడల్లో, విమానాల్లో తేవాల్సి వచ్చింది. ట్యాంకు అడుగంటిన రోజున పిల్లవాడి చేతికి చల్లటి తీపి సీసా ఇవ్వడం అజ్ఞానమనలేం. 2012లో టోకెలావ్ తన కరెంటంతా దాదాపుగా సౌరఫలకాల నుంచే తీసుకోవడం మొదలుపెట్టింది. ప్రపంచం మెచ్చుకుంది, మెచ్చుకోదగ్గదే. ఫ్రీజర్లు నమ్మకంగా పనిచేస్తే చేపలు నిలవుంటాయి. ఐసు పుల్లలూ నిలవుంటాయి.

వలసపోయిన పిల్లలు

ఇప్పుడు టోకెలావ్ మూలాలున్న వాళ్లలో అత్యధికులు న్యూజిలాండ్‌లోనే ఉన్నారు, దీవుల్లో ఉన్నవాళ్లకు ఐదు రెట్లకు పైనే. అక్కడ నూడుల్స్ మాత్రమే కాదు ఆపిళ్లూ దొరుకుతాయి, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు దంతవైద్యం ఉచితం. అయినా ఐదేళ్ల వయసుకు ఒక్క పుచ్చూ లేని పసిఫిక్ పిల్లలు సగానికి తక్కువే ఉంటారు. యూరోపియన్ సంతతి పిల్లల్లో చాలా ఎక్కువమంది. జన్యువుల మీద నెట్టేయడానికి లేదు, ఇవే జన్యువులు 1963లో టోకెలావ్‌లో పెద్దగా పుచ్చు లేకుండా బతికాయి. ఉచిత చికిత్స ఉన్నా అపాయింట్‌మెంట్ పనివేళల్లోనే దొరుకుతుంది, రాత్రి షిఫ్టు చేసే తల్లికి సగం రోజు జీతం పోతుంది. పద్దెనిమిది దాటితే సొంత ఖర్చు. ఉచితమన్న మాటను తల్లి జీతంలో కోతతో కలిపి లెక్కేస్తేనే ఈ అంకె అర్థమవుతుంది.

పన్ను మీద పన్ను

దీవుల ప్రభుత్వాలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఫ్రెంచ్ పాలినేషియా 2002లో తీపి పానీయాలపై సుంకం వేసింది. నౌరూ 2007లో చక్కెర సరుకులపై 30 శాతం దిగుమతి సుంకం పెట్టింది. చాలా ధనిక దేశాలు ఈ మాట ఎత్తడానికి ఎన్నో ఏళ్ల ముందు సంగతి ఇది. 2017లో వనువాటులోని టోర్బా రాష్ట్ర నాయకులు దిగుమతి చిరుతిళ్లను తగ్గించి స్థానిక తిండికి మళ్లుతామని ప్రకటించారు.

సుంకం పనిచేస్తుంది, కానీ రెండు అడ్డంకులున్నాయి. ఒకటి, సీసాకు బదులు తాగడానికి మంచినీళ్లు ఉండాలి. రెండోది వాణిజ్య ఒప్పందాలు. సమోవా 2007లో కొవ్వు నిండిన టర్కీకోడి తోకల దిగుమతిని ఆపేసింది. ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరే బేరంలో ఆ నిషేధం ఎత్తేయడానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. ఈ ఉదాహరణలో ఉన్నది చక్కెర కాదు, మాంసపు తుక్కు. అయినా చిన్న దేశం తన రేవులో ఏం దిగాలో నిర్ణయించుకోవడం ఎంత కష్టమో దీంతో తెలుస్తుంది. కొప్రా ఓడల కాలంలో చెల్లింపు మైదాలోనా బట్టలోనా అన్నది వర్తకుడు నిర్ణయించాడు. ఇప్పుడు ఆ నిర్ణయం జెనీవాలోని వాణిజ్య సంస్థ కాగితాల్లో ఉంది.

ఇంతలో చేయగల చిన్నపని ఒకటుంది. దీవుల్లో మధుమేహం కొలవడానికి రక్తం తీయాలి, నమూనాలు చల్లగా దాచాలి, ప్రయోగశాలకు పంపాలి. సర్వేకూ సర్వేకూ మధ్య పదేళ్లు గడిచిపోతాయి. ఐదేళ్ల పిల్లల పుచ్చుపళ్లు లెక్కపెట్టడానికి ఒక టార్చిలైటు, నోట్లో పెట్టే చిన్న అద్దం, శిక్షణ పొందిన నర్సు చాలు. ఒక్కో నోటికి ఐదు నిమిషాలు. ప్రతి ఏడూ బళ్లో చేరే పిల్లల లెక్క తీసి, దాని పక్కన ఆ ఏడాది ఓడ దించిన చక్కెర, తీపి పానీయాల లెక్క రాస్తే, సుంకం పనిచేసిందో లేదో రెండు మూడేళ్లలో తెలుస్తుంది. దిగుమతి లెక్కలు కస్టమ్స్ దగ్గర ఎలాగూ ఉంటాయి. ఆ కాగితాలు ఆరోగ్యశాఖకు చేరడం లేదు, అంతే తేడా.